ఆ లాఖ్ ఒడ్డు ఫోటోలకు లైకులు కొట్టిన వాళ్ళకి



నేను స్కాట్లాండు నుంచి పెట్టిన ఫోటోలకు నాలుగొందల పైన లైకులు వచ్చాయి. అంతకు ముందు వారం మిరపలో నల్ల తామర పురుగు గురించి రాత్రి పన్నెండు దాకా కూర్చుని రాసిన పోస్టుకు వచ్చినవి పదిహేడు. సరే, ఆ బాధ ఇప్పుడెందుకు. ఆ ఫోటోల కింద మీరు రాసిన కామెంట్లే ఇవాళ నాతో ఇది రాయిస్తున్నాయి. "స్వర్గం బాబాయ్" అన్నాడొకడు. "పుడితే అలాంటి ఊళ్ళో పుట్టాలి మామా" అన్నాడింకొకడు. మూడో ఆయన, పేరు చెప్పను, మనూరాయనే, "మన రిజర్వాయరు కూడా ఇలాగే చేస్తామంటున్నారు కదా, అడిగినవాళ్ళకి భూమి ఇచ్చేస్తే మనకీ మంచి రోజులే" అని రాశాడు. దానికి నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ నలభై మంది కోసమే ఇది. పెద్ద పోస్టు. పొలం పని అయ్యాకే చదవండి, తొందరేం లేదు. కానీ చివరిదాకా చదవండి.

నేను చెప్పేది ముందే చెప్పేస్తాను. ఊరు ఎంత అందంగా ఉన్నా, ఆ అందం మీద వచ్చే డబ్బు భూమి, ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే పోతుంది. పేరు లేనివాడికి మిగిలేది గిన్నెలు కడిగే పని, పక్కబట్టలు మార్చే పని. అది కూడా ఆరేడు నెలలే. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చూసొచ్చాను.

మా అమ్మాయి, అల్లుడు గ్లాస్గోలో ఉంటారని మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఐదు వారాలు ఉన్నాం, నేనూ మా ఇంటావిడా. మొదటి ఆదివారమే లోమండ్ సరస్సుకి తీసుకెళ్ళారు. సరస్సుని అక్కడ లాఖ్ అంటారు, చివర ఖ్ గొంతులోంచి రావాలి, కఫం తీసినట్టు. బ్రిటన్ ద్వీపంలో విస్తీర్ణంలో ఇదే పెద్దది. 71 చదరపు కిలోమీటర్ల నీళ్ళు. పొడవు 36 కిలోమీటర్లు. గ్లాస్గో నుంచి కారులో గంట లోపే. అంటే ఆరు లక్షల మంది ఉన్న నగరానికి అది పెరటి చెరువు. ఎండ కాసిందా, ఊరంతా అక్కడే.

ఒడ్డున లస్ అని చిన్న ఊరు. మీరు ఎక్కువ లైకులు కొట్టిన ఫోటో అదే, రాతి గోడల ఇళ్ళు, ముందు పూల మొక్కలు. ఆ ఇళ్ళు ఏమిటో తెలుసా? పలకరాయి గనుల్లోనూ, నూలు మిల్లులోనూ పనిచేసే కూలీల కోసం రెండొందల ఏళ్ళ కిందటి కాలంలో ఎస్టేటు కట్టించిన కూలి ఇళ్ళు. ఆ చుట్టుపక్కల భూమి తరతరాలుగా కహూన్ అనే జమీందారీ వంశానిది. గనులు పోయాయి, కూలీలు పోయారు. ఇప్పుడవి బొమ్మల్లాంటి ఇళ్ళు. 1980 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా వచ్చిన ఒక టీవీ సీరియలు అక్కడే తీశారట, దాంతో జనం ఇంకా పెరిగారు.

మేం వెళ్ళిన రోజు వీధిలో తిరనాళ్ళ జనం. ఒక ఇంటి కిటికీ దగ్గర ఆరేడుగురు నిలబడి పూలకి ఫోటోలు తీస్తున్నారు. లోపల ఒక పెద్దావిడ బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటోంది. అన్నం కాదులెండి, ఏదో సూపు. ఆవిడ తల ఎత్తలేదు. అలవాటైపోయిందన్న మాట. మా ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "మనింటి ముందు ఎవరైనా ఇట్లా నిలబడితే కర్ర తీసుకోరూ మీరు?" అంది. నిజమే. నా చేతిలో కూడా ఫోను ఉంది. నేనూ తీశాను. మీరు లైకు కొట్టింది దానికే.

పేచీ చూడండి. ఆవిడ ఇల్లు, ఆవిడ తిండి, ఆవిడ ఆదివారం. దాన్ని చూడ్డానికి వచ్చిన వాళ్ళు ఖర్చు పెట్టేది ఎక్కడ? పార్కింగు దగ్గర, కాఫీ దగ్గర, ఐస్‌క్రీము దగ్గర, బోటు దగ్గర. ఆవిడ కిటికీకి పైసా రాదు.

ఇక రెండో సంగతి. మే మొదటి వారంలో ఇంకో వైపు వెళ్ళాం. ఆబర్‌ఫాయిల్ అనే ఊరు దాటాక లాఖ్ ఆర్డ్, లాఖ్ కాన్, లాఖ్ ఆర్క్‌లెట్ అని వరసగా సరస్సులు, ఆ రోడ్డు పోయి పోయి లోమండ్ తూర్పు ఒడ్డున ఇన్వర్‌స్నెయిడ్ దగ్గర ఆగిపోతుంది. చాలా దూరం ఒంటి రోడ్డు. ఒక్క బండే పడుతుంది. అక్కడక్కడ పక్కకి తప్పుకోవడానికి కాస్త వెడల్పు జాగా ఉంటుంది, బోర్డు కూడా పెడతారు. ఎదురు బండి వస్తే ఎవరికి దగ్గరైతే వాళ్ళు అందులోకి తప్పుకోవాలి. మా అల్లుడు గొర్రెపిల్లలు బాగున్నాయని ఆ జాగాలోనే కారు ఆపాడు. దిగాం. ఫోటోలు. పది నిమిషాలకి వెనక నాలుగు చక్రాల చిన్న బండి మీద ఒకాయన, వెనక దాణా బస్తాలు, వాటి మీద కుక్క. ఎదురుగా ఇంకో బండి. ఇద్దరూ తప్పుకోలేరు, మా కారు ఉంది కదా.

ఆయన కేకలు వెయ్యలేదు. మా వైపు చూసి, కారు చూసి, బోర్డు చూశాడు. అంతే. ఆ చూపు నాకు బాగా తెలుసు. మన కళ్ళంలో, వడ్లు ఆరబోసిన దారి మీద కారు ఎక్కించినవాణ్ణి మనం అలాగే చూస్తాం.

అల్లుడు కారు తీశాడు. నేను నడిచి వెళ్ళి, మా అమ్మాయి చేత చెప్పించాను, నేనూ రైతునే, మూడెకరాలు, తప్పయింది అని. ఆయన ముఖం మారింది. ఏం వేస్తావని అడిగాడు. మిరప అన్నాను. నవ్వాడు. తర్వాత అరగంట మాట్లాడాడు, నాకు సగం అర్థం కాలేదు, మా అమ్మాయికే సగం అర్థం కాలేదు, ఆ యాస అలాంటిది.

ఆయన గొర్రెలు నల్లమొహం జాతివి, కొండ గొర్రెలు. ఏప్రిల్, మే నెలలు అవి ఈనే కాలం. సరిగ్గా అప్పుడే ఈస్టరు సెలవులు, సరిగ్గా అప్పుడే నగరం నుంచి కుక్కల్ని తీసుకుని జనం. చూడి గొర్రెని కుక్క కరవక్కర్లేదు, తరిమితే చాలు, కడుపులో పిల్ల పోతుంది. తల్లి చెదిరిపోతే పుట్టిన పిల్ల చలికి పోతుంది. ఇది అక్కడ ఎంత పెద్ద గొడవంటే 2021లో చట్టం మార్చారు. కుక్కని గొర్రెల మీదికి వదిలితే 40 వేల పౌండ్ల దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, రెండూ కూడా వెయ్యొచ్చు. మన డబ్బుల్లో 40 లక్షలు దాటుతుంది. చట్టం ఉంది. కొండ మీద తెల్లారి చచ్చిన గొర్రె కనపడితే ఏ కుక్క, ఎవరి కుక్క అని ఎక్కడ పట్టుకుంటావ్ అన్నాడాయన.

మీకు ఆశ్చర్యం అనిపించే ఇంకో సంగతి. అక్కడ ఎవరి భూమిలో అయినా ఎవరైనా నడిచి పోవచ్చు. 2003 భూ సంస్కరణల చట్టంలో ఆ హక్కు రాసేశారు. ఇంటి పెరట్లోకి రాకూడదు, పంట తొక్కకూడదు, బండి తోలుకుని రాకూడదు, మర్యాదగా నడుచుకోవాలి. అంతే షరతులు. మీరు ఇక్కడ "అదెలా కుదురుతుంది" అని లేస్తారని తెలుసు. నేనూ లేచాను. కానీ ఆయన ఆ హక్కుని తిట్టలేదు. నడిచేవాడితో నాకు తగువు లేదన్నాడు. గేటు ఎలా ఉంటే అలా వదిలి పోరా బాబూ, తీసి ఉంటే తీసి ఉంచు, వేసి ఉంటే వేసి పో. దారికి అడ్డంగా బండి పెట్టకు. నిప్పు పెట్టి, సీసాలు పగలగొట్టి, అక్కడే దొడ్డికి కూర్చుని పోకు. ఇంతేగా అడుగుతున్నాం అన్నాడు.

ఆ చివరి మాట అబద్ధం కాదు. లోమండ్ ఒడ్డున ఆ బాధ ముదిరి, ముందు తూర్పు ఒడ్డున, తర్వాత 2017 మార్చి 1 నుంచి ఇంకా చాలా సరస్సుల ఒడ్డున, మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్టు లేకుండా డేరా వెయ్యకూడదని రూలు పెట్టారు. 2002లో ఆ ప్రాంతం స్కాట్లాండులో మొదటి జాతీయ పార్కు అయింది, ఆ పార్కు వాళ్ళే పెట్టారు ఈ రూలు. మంచి మనుషులున్న దేశం, శుభ్రత తెలిసిన దేశం అని మనం అనుకుంటాం. సెలవు మీద ఊరు దాటిన మనిషి ఏ దేశంలోనైనా ఒకటే.

ఇక్కడిదాకా చదివి "టూరిస్టుల మీద కోపం తెచ్చుకోమంటున్నావా" అంటారేమో. లేదు. నేనే టూరిస్టుని. నా కోపం అసలు అటు కాదు.

ఆయన కౌలు రైతు. వాళ్ళ తాత కాలం నుంచి ఆ కొండ కౌలే. గొర్రెల మీద బతకడం కష్టం, ప్రభుత్వం ఇచ్చే సాయం ఆగితే ఆ కొండ గొర్రెల సేద్యం చాలా చోట్ల ఒక్క ఏడాది నిలవదు. అందుకని టూరిస్టులకి అద్దెకివ్వడానికి రెండు చెక్క గుడిసెలు పెట్టుకుందామనుకున్నాడు. భూమి తనది కాదు కదా, పెద్దాయనకి చెప్పాలి, ఒప్పించాలి, కాగితాలు రాసుకోవాలి. అది తేలేలోపు రోడ్డుకి అవతల ఆ పెద్దాయన మనుషులే ఎనిమిది గుడిసెలు వేశారు. ఇప్పుడు వాటిల్లో దిగినవాళ్ళు పొద్దున్నే లేచి ఈయన గొర్రెపిల్లలకి ఫోటోలు తీస్తారు. గొర్రెపిల్లలు ఈయనవి. ఫోటో బాగుందని మళ్ళీ వచ్చి ఇచ్చే అద్దె ఆయనది.

మన కౌలు రైతులకి ఇది వేరే చెప్పాలా? పంట నష్టం వస్తే పరిహారం పట్టాదారు ఖాతాలో పడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా.

కొడుకు సంగతి అడిగాను. దగ్గర్లో ఇల్లు దొరక్క ముప్పై మైళ్ళ దూరంలో ఉంటున్నాడట. గొర్రెలు ఈనే వారాల్లో మాత్రం వచ్చి తండ్రి ఇంట్లో సోఫా మీద పడుకుంటాడు. ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. ఆయన వేలితో చూపించాడు. అదిగో ఆ తెల్లది, వారాలకి అద్దె. ఆ పైది, లండను వాళ్ళది, ఏడాదికి నాలుగు వారాలు వస్తారు. ఆ చెట్ల వెనకది, వారాలకి అద్దె. చలికాలం సాయంత్రం నాలుక్కే చీకటి పడుతుంది అక్కడ. ఆ చీకట్లో దీపం వెలిగే ఇళ్ళు మాది కాక రెండు అన్నాడు.

ఇదే అసలు జబ్బు. ఇది ఆయన ఒక్కడి కథ కాదు. స్కాట్లాండు కొండ ప్రాంతాల్లో, దీవుల్లో, సరస్సు ఒడ్డు ఊళ్ళలో ఇదే మాట. హోటలుకి పనివాళ్ళు కావాలి, పనివాళ్ళకి ఉండటానికి గది లేదు, ఎందుకంటే గదులన్నీ వచ్చిపోయేవాళ్ళకి. బడిలో పిల్లలు తగ్గిపోతే ఆ బడిని మూసేశామని కూడా అనరు, సామాను మీద దుప్పటి కప్పినట్టు తాళం వేసి పక్కన పెడతారు. మళ్ళీ పిల్లలు వస్తే తీస్తారట. ఎక్కడి నుంచి వస్తారు? వారానికి అద్దెకి దిగినవాళ్ళ పిల్లలు బడికి వస్తారా?

అక్కడి ప్రభుత్వానికి తెలియక కాదు. వారాలకి, రోజులకి అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ లైసెన్సు ఉండాలన్నారు, 2023 అక్టోబరు 1 కల్లా పాతవాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద పన్ను రెట్టింపు దాకా వేసుకునే అధికారం కౌన్సిళ్ళకి ఇచ్చారు. రాత్రి బస మీద పన్ను వేసుకోవచ్చని 2024లోనే ఇంకో చట్టం. ఇవన్నీ మంచివే. కానీ ఎప్పుడొచ్చాయో చూడండి. గోదారి పొంగి ఊళ్ళోకి వచ్చాక గట్టుకి మట్టి తోలినట్టు. 2015లో ఉత్తరం చివర దాకా చుట్టి వచ్చేలా 516 మైళ్ళ రోడ్డు యాత్ర అని ఒకటి పేరు పెట్టి ప్రచారం చేశారు. ఉన్న రోడ్లకే పేరు పెట్టారు, కొత్త రోడ్డు వెయ్యలేదు. అందులో ఒంటి రోడ్లు బోలెడు. ఇళ్ళలాంటి వ్యాన్లు వరసకట్టాయి. పేరు పెట్టడానికి ఒక్క రోజు చాలు. మరుగుదొడ్డి కట్టడానికి, గుంత పూడ్చడానికి పదేళ్ళు.

నీళ్ళ సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి, మన పిల్లలు అక్కడ చాలామంది చదువుతున్నారు కాబట్టి. 2024 ఏప్రిల్లో డండీలో చదువుకునే మన తెలుగు పిల్లలు ఇద్దరు టమ్మెల్ నది దగ్గర సరదాగా వెళ్ళి నీళ్ళలో పడి చనిపోయారు. ఎండ ఉన్నా ఆ నీళ్ళు మంచు నీళ్ళు, ఒళ్ళు కొయ్యబారిపోతుంది. కొండల్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు కదిలే కొండ రక్షణ జట్లలో ఉండేది జీతం లేని వాలంటీర్లు. గొర్రెలు కాసేవాడు, బడి పంతులు, దుకాణం నడిపేవాడు. పని వదిలి అర్ధరాత్రి వెళతారు. చూశారా, వచ్చినవాడి ప్రాణానికి కాపలా కూడా ఊరే. ఆ ఊళ్ళో కాపురాలు లేకపోతే ఆ జట్టులో ఎవరుంటారు? మీ పిల్లలకి ఫోను చేసినప్పుడు నీళ్ళ దగ్గర జాగ్రత్త అని చెప్పండి.

ఇప్పుడు "స్వర్గం" అన్న తమ్ముడికి. నువ్వు చూసిన ఆ ఖాళీ కొండలున్నాయి చూడు, మనిషి జాడ లేని పచ్చదనం, అది అలా పుట్టలేదు.

1810లో వాల్టర్ స్కాట్ అనే పెద్ద కవి, ఆ ట్రాసక్స్ కొండల్లో కాట్రిన్ సరస్సు మీద ఒక కావ్యం రాశాడు, పేరు ద లేడీ ఆఫ్ ద లేక్. అది అమ్ముడుపోయిన తీరుకి జనం బండ్లు కట్టుకుని ఆ సరస్సు చూడ్డానికి ఎగబడ్డారు. ఇన్‌స్టాగ్రాం లేని రోజుల్లో ఒక్క కావ్యం చేసిన పని అది. ఈనాటికీ ఆ సరస్సులో తిరిగే ఆవిరి పడవకి ఆయన పేరే. అదే పదేళ్ళలో, అదే దేశంలో, ఇంకా ఉత్తరాన సదర్లండ్ అనే చోట ఏం జరిగింది? జమీందారులు పెద్ద గొర్రెల మందలకి కొండలు కావాలని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లో, 1819లో ఇళ్ళ కప్పులకి నిప్పు పెట్టారు, మళ్ళీ వచ్చి ఉండకుండా. జనాన్ని సముద్రం ఒడ్డున రాళ్ళ నేలలోకి నెట్టారు, చాలామంది ఓడెక్కి కెనడా పోయారు. క్లియరెన్సులు అంటారు దాన్ని. ఇవాళ ఆ లోయల్లో గడ్డిలో గోడ పునాదులు కనపడతాయి. బస్సులో పోయేవాడు కిటికీలోంచి చూసి "ఎంత ప్రశాంతం" అంటాడు.

ఒక పక్క కావ్యం చదివి కొండలు చూడ్డానికి వచ్చేవాళ్ళు, ఇంకో పక్క కొండల్లోంచి వెళ్ళగొట్టబడేవాళ్ళు. రెండూ ఒకే కాలం. ఈ సంగతి తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన రిజర్వాయరు నీళ్ళ కింద ఎవరి ఊళ్ళున్నాయో మనకి తెలుసు కదా. మా మేనత్త వాళ్ళ ఊరు అందులోనే ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి ధ్వజస్తంభం దిమ్మె కనపడుతుంది. మొన్న ఆ రిసార్టు మనిషి కట్ట మీద నిలబడి ఏమన్నాడు? "వ్యూ అద్భుతం సార్."

అయితే ఆ దేశం వాళ్ళు ఊరికే కూర్చోలేదు. ఇది ముఖ్యం, ఇది చెప్పకపోతే నేను రాసినదంతా ఏడుపే అవుతుంది.

1882లో స్కై దీవిలో బ్రేస్ అనే చోట మేత భూమి కోసం చిన్న రైతులు కౌలు కట్టం పొమ్మన్నారు. గ్లాస్గో నుంచి పోలీసుల్ని దింపారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు రాళ్ళతో ఎదుర్కొన్నారు. ఆ గొడవలు ముదిరి, ప్రభుత్వం విచారణ సంఘం వేసి, చివరికి 1886లో చట్టం తెచ్చింది. కౌలు కడుతున్నంత కాలం రైతుని వెళ్ళగొట్టకూడదు. కౌలు ఎంతో జమీందారు చెప్పడు, కమిషను తేలుస్తుంది. తండ్రి తర్వాత పిల్లలకి ఆ హక్కు వస్తుంది. అలాంటి చిన్న కమతాన్ని క్రాఫ్టు అంటారు. మనలాంటి వాళ్ళవే, ఐదెకరాలు, పదెకరాలు. ఇంకో సంగతి వినండి, ఇప్పటికీ ఆ క్రాఫ్టు ఉన్నవాడు దానికి 32 కిలోమీటర్ల లోపల కాపురం ఉండాలి, భూమిని బీడు పెట్టకూడదు అని రూలు. హైదరాబాదులో కూర్చుని పట్టా పాసుపుస్తకం బీరువాలో పెట్టుకునే మన బావగార్లకి ఈ రూలు వర్తింపజేస్తే ఎంతమంది మిగులుతారో నాకు తెలియదు. పేర్లు చెప్పను, ట్యాగు కూడా చెయ్యను.

తర్వాత 1993. ఉత్తరాన అసింట్ అనే చోట, లాఖిన్వర్ పక్కన, 21 వేల ఎకరాల ఎస్టేటు. కొన్న విదేశీ కంపెనీ దివాలా తీసింది. ఏడు ముక్కలు చేసి అమ్మకానికి పెట్టారు. "మనుషులతో సహా అమ్ముతారా" అని అక్కడి క్రాఫ్టర్లు ఒక్కటయ్యారు. ట్రస్టు పెట్టారు, చందాలు అడిగారు, తెలియని ఊళ్ళవాళ్ళు కూడా పంపారు. 3 లక్షల పౌండ్లకి మొత్తం ఎస్టేటు కొన్నారు. కొండ, సరస్సులు, చేపల హక్కులు, అన్నీ. ఆ తర్వాత చిన్న జల విద్యుత్తు కూడా పెట్టుకున్నారు. వాళ్ళని చూసి ఐగ్ దీవి వాళ్ళు 1997లో తమ దీవిని తామే కొనుక్కున్నారు. 2003 చట్టంలో ఆ దారిని హక్కుగా రాశారు. ఊరు ముందే నమోదు చేసుకుంటే, భూస్వామి అమ్మేటప్పుడు మొదటి అవకాశం ఊరిదే. క్రాఫ్టర్లకైతే ఆయన అమ్మనన్నా కొనే దారి ఉంది.

అయినా అంతా మారిపోయిందని చెప్పను. యాభై ఐదు లక్షల మంది జనం ఉన్న ఆ దేశంలో, ప్రైవేటు చేతుల్లో ఉన్న పల్లె భూమిలో సగం ఈనాటికీ ఐదొందల మంది లోపు ఆసాముల దగ్గరే ఉందని లెక్కలు కట్టినవాళ్ళు చెబుతున్నారు. అందుకే మన గొర్రెలాయన ఇంకా కౌలు రైతే.

లోమండ్ దక్షిణం చివర బాలక్ అనే ఊరుంది. అక్కడ ఒడ్డున ఒక థీమ్ పార్కు కంపెనీ పెద్ద రిసార్టు కడతానని ఏళ్ళ తరబడి తిరిగింది. ఉద్యోగాలు వస్తాయి, ఊరు బాగుపడుతుంది, అవే మాటలు. లక్షకు పైగా అభ్యంతరాలు వెళ్ళాయి. 2024 సెప్టెంబరులో పార్కు బోర్డు ఏకగ్రీవంగా కాదంది. కంపెనీ ఊరుకోలేదు, అప్పీలుకి వెళ్ళింది. డబ్బున్నవాడికి ఓపిక కూడా ఎక్కువ ఉంటుంది, ఒకసారి కాదంటే మళ్ళీ వస్తాడు. కానీ ఒకటి చూడండి, వాళ్ళకి కాదనే సందు ఉంది. పేపర్లు ముందు బయట పెట్టారు, జనం చదివారు, రాతపూర్వకంగా అడ్డం చెప్పారు, నలుగురి ముందు ఓటు వేశారు. మనకి ఏం చూపించారు? రంగుల బ్రోచరు. అందులో మన కట్ట మీద లేని కొబ్బరిచెట్లున్నాయి.

"టూరిజం లేకపోతే ఆ ఊళ్ళు ఎప్పుడో చచ్చేవి కదా" అని నిన్న ఫోనులో ఒకాయన వాదించాడు. నిజమే. ఒప్పుకుంటాను. ఒట్టి గొర్రెల మీద ఆ కొండలు బతకవు. గొర్రెలాయన కూడా జనం రావద్దని అనలేదు, నా రెండు గుడిసెలు నన్ను వేసుకోనివ్వండి అన్నాడు. అదే నేనూ అనేది. జనం రానీ. తినీ, తాగీ, ఫోటోలు తీసుకుని పోనీ. అరుగు మనదై ఉండాలి, గుడిసె మనదై ఉండాలి, గేటు ఎప్పుడు వెయ్యాలో మనం చెప్పాలి.

"రేటు బాగా ఇస్తున్నాడు, ఎకరం ధర పెరుగుతుంది" అనేవాళ్ళకి ఒక్కటే ప్రశ్న. ధర పెరిగితే లాభం అమ్మి పోయేవాడికి. ఉండేవాడికి ఏమిటి? మీ పిల్లాడికి రేపు పెళ్ళయి వేరే ఇల్లు కట్టుకోవాలంటే ఆ పెరిగిన ధరకే గజాలు కొనాలి, తన ఊళ్ళో, తన తాత అమ్మిన చోట. ముప్పై మైళ్ళ అవతల నుంచి వచ్చి తండ్రి ఇంట్లో సోఫా మీద పడుకుంటున్న ఆ కుర్రాడు నాకు ఇంకా కళ్ళలో ఉన్నాడు. నేను అతన్ని చూడలేదు, సోఫా కూడా చూడలేదు. అయినా ఉన్నాడు.

లీజేగా, అమ్మకం కాదుగా అంటున్నారు. ముప్పై మూడేళ్ళ లీజు. నాకిప్పుడు యాభై ఆరు. లెక్క మీరే వేసుకోండి. పైగా ఆ అగ్రిమెంటులో దారి హక్కు, నీటి హక్కు, "అనుబంధ హక్కులు" అని ఒక మాట ఉంది. గట్టు మీద గేదెల్ని తోలుకెళ్ళే దారి ఆ అనుబంధంలోకి వస్తుందా రాదా అని నేను అడిగితే ఆ మనిషి నవ్వి, "అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం బాబాయ్ గారూ" అన్నాడు. గేదెలు తర్వాత దాకా ఆగవు. రోజూ సాయంత్రం వాటికి నీళ్ళు కావాలి.

ఆదివారం పొద్దున ఏడింటికి రామాలయం దగ్గర కూర్చుందాం. సంతకం పెట్టినవాళ్ళు, పెట్టనివాళ్ళు, ఇద్దరూ రండి. పెట్టినవాళ్ళు నకలు తెచ్చుకోండి, నకలు ఇవ్వలేదంటే ఆ మాటే వచ్చి చెప్పండి. ఇంగ్లీషులో ఉంది కదా అని భయపడొద్దు, మా అమ్మాయి ఫోనులో ఉంటుంది, ఒక్కో పేరా చదివి తెలుగులో చెబుతుంది. అక్కడ అప్పటికి తెల్లవారుజాము కూడా కాదు, అయినా లేస్తానంది. కౌలుకి చేస్తున్నవాళ్ళు తప్పకుండా రండి, ముందు పోయేది మీ కిందిదే. టీ నేను పెట్టిస్తాను.

ఆ తామర పురుగు పోస్టు కూడా ఒకసారి చూడండి, నీలం రంగు జిగురు అట్టల సంగతి అందులో రాశాను.